ఆపరేటింగ్ సిస్టమ్ వీర స్తోత్రం (ఫలశ్రుతి సహితం)

ఓ వాదవీరులారా, మీకు జయం. ఎడిసన్ నుంచి ఫ్రీమాంట్ దాకా, ఫ్రిస్కో నుంచి రెడ్మండ్ దాకా, పదిమంది తెలుగువాళ్ళు పొట్లక్‌కి చేరిన ఏ ఇంట చూసినా, పులిహోర ట్రే మీద అల్యూమినియం రేకు తీసేలోపే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ గొప్పదో తేల్చడానికి మీరు నడుం బిగిస్తారు. ఇంటి అప్పు మీద వడ్డీ, గ్రీన్‌కార్డు వరస, పిల్లల కాలేజీ ఫీజు లాంటి అల్పవిషయాల మీద మీ మేధ వృథా కాకుండా కాపాడుకుంటున్నారు. ఎదుటివాడి ల్యాప్‌టాప్ మూత మీద బొమ్మ చూసి వాడి తెలివి తూకం వేయగల దివ్యదృష్టి మీది. అంతటివారిని పొగడకపోతే నాలుక ఉండీ దండగ. అందుకని ఈ స్తోత్రం.

ముందుగా దేవతల వరస. ప్రథములు విండోస్ వారు. "ప్రపంచమంతా వాడుతున్నదే మేమూ వాడుతున్నాం" అన్న ఒక్క ముక్కతో ఎంతటి వాదాన్నైనా మూసేయగలరు. అప్‌డేట్ పడుతోంది, ఆపొద్దు అని తెర మీద కనబడితే, మీటింగు నెత్తిన ఉన్నా సరే, ఆ అరగంటా ధ్యానంలో కూర్చోగల యోగులు. ద్వితీయులు మాక్ వారు. 1984 జనవరి 24న మొదటి మెకింటాష్ 2,495 డాలర్లకు వచ్చిందని గుర్తుచేసి, అప్పటి డాలరును ఇప్పటి డాలరులోకి మార్చి, తాము నిన్న కొన్నది ఎంత చవకో ఇల్లాలికి రుజువు చేయగలరు. ఇల్లాలు నమ్మదనుకోండి, అది లెక్కలో లోపం కాదు. తృతీయులు లినక్స్ వారు. పేరేమిటని అడిగితే ముందు తాము వాడే లినక్స్ రకం, అంటే డిస్ట్రో, పేరు చెబుతారు, ఆ తర్వాత అది ఏ డిస్ట్రో కడుపున పుట్టిందో చెబుతారు, సొంత పేరు చెప్పడం మరిచిపోతారు. లినక్స్ అని వట్టిగా అనకూడదు, గ్నూ/లినక్స్ అనాలి అని దిద్దే పండితులు వీరిలోనే ఒక శాఖ.

మహాత్ములారా, మీ గుణాలు అనంతం. నాకు చేతనైనన్ని చెబుతాను.

మొదటిది మీ సహనం. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది, దాంతోపాటు స్టార్ట్ బటనూ వచ్చింది. కంప్యూటర్ ఆపాలంటే స్టార్ట్ నొక్కాలి. ఇదేం విడ్డూరమని అడిగిన అమాయకుడికి, ఆపడమూ ఒక పని మొదలుపెట్టడమే కదా అని మీరు వేదాంతం చెప్పి పంపారు. 2012 అక్టోబరులో విండోస్ 8 ఆ బటన్ని పీకేసింది. బటన్ లేకపోవడమే ఆధునికత అన్నారు. జనం గోలపెడితే ఏడాది తిరక్కుండానే 8.1లో మళ్ళీ తెచ్చి పెట్టింది. జనం మాట వినడమే ఆధునికత అన్నారు. 2021లో విండోస్ 11 దాన్ని ఎడమ మూల నుంచి నడిమధ్యకు జరిపింది. అదీ ఆధునికతే. ఇరవయ్యారేళ్ళలో ఆ బటన్ ఎక్కడెక్కడ తిరిగితే మీ అభిప్రాయమూ అక్కడక్కడ తిరిగింది. ఎప్పుడూ దాని చెయ్యి వదల్లేదు. ఈ కాలంలో ఇంతటి అనుబంధం ఎక్కడుంది?

మాక్ వారి సహనం ఇంకో మెట్టు పైన. ఆ తొలి మాక్‌లలో ఫ్లాపీ బయటికి రావడానికి దాని బొమ్మను లాక్కెళ్ళి చెత్తబుట్టలో పడేసేవారు. మూడేళ్ళ థీసిస్ ఉన్న ఫ్లాపీని చెత్తలో వేయడానికి చెయ్యి వణికినవాణ్ణి చూసి, అలవాటైతే ఎంత సహజంగా ఉంటుందో అన్నారు. అలవాటైతే సహజం కానిదేది అని వాడు అడగలేదు, ఫ్లాపీ వస్తే చాలనుకున్నాడు. మౌస్‌కు ఒకటే బటన్ ఉండాలి, రెండుంటే మనిషి తికమకపడతాడు అని ఇరవై ఏళ్ళు వాదించారు. 2005లో ఆపిల్ మైటీ మౌస్ తెచ్చి కుడి క్లిక్కు ఇవ్వగానే, ఆ క్లిక్కు ఎంత అవసరమో కూడా మీరే మాకు చెప్పారు. 2015లో మ్యాజిక్ మౌస్ ఛార్జింగు రంధ్రాన్ని పొట్ట కింద పెట్టారు. ఛార్జి అవుతున్నంతసేపూ అది వెల్లకిలా పడుకుంటుంది, వాడడానికి వీల్లేదు. 2024లో కొత్తది వచ్చింది. తీగ మారింది, రంధ్రం మారలేదు. "రెండు నిమిషాలు పెడితే గంటలకొద్దీ వస్తుంది, ఆ రెండు నిమిషాలూ కళ్ళకు విశ్రాంతి" అన్న మీ భాష్యం విన్నాక, ఆ రంధ్రం అక్కడ కాక మరెక్కడ ఉండాలో నాకైతే తోచలేదు.

ఇక లినక్స్ వారు. వీరు సహనాన్ని తమకోసం దాచుకోకుండా ఇతరుల చేత చేయిస్తారు. 1976లో బర్క్లీలో బిల్ జాయ్ రాసిన వీఐ అనే ఎడిటర్‌కు విమ్ అని వారసుడున్నాడు. అందులోకి వెళ్ళడం తేలిక. బయటికి రావాలంటే ఎస్కేప్, కోలన్, క్యూ, మార్పులు వద్దనుకుంటే చివర ఆశ్చర్యార్థకం, ఆపైన ఎంటర్. ఫైలు తెరిచి ఉన్నప్పుడు ఇది తెర మీద చూసి కనిపెట్టేది కాదు, ఎవరో చెవిలో ఉపదేశించాలి. విమ్ నుంచి ఎలా బయటపడాలి అన్న ఒక్క ప్రశ్నను 2017 నాటికి స్టాక్ ఓవర్‌ఫ్లోలో పది లక్షలసార్లు తెరిచి చూశారు. చూసినవాళ్ళు మేనత్తలూ పిన్నమ్మలూ కాదు, ప్రోగ్రామ్‌లు రాసి పొట్టపోసుకునేవాళ్ళు. ఇన్ని లక్షలసార్లు తలుపు కనబడలేదంటే తలుపులో ఏదో లోపముందని మామూలు మనుషులు అనుకుంటారు. వచ్చినవాళ్ళకు చూపు ఆనడం లేదని మీరు పసిగట్టారు.

ఇక్కడే మీ రెండో గుణం బయటపడుతుంది, అది న్యాయబుద్ధి. మనిషికీ యంత్రానికీ తగువొస్తే తప్పెవరిదో సాక్ష్యం కూడా అడక్కుండా చెప్పగలరు. డొనాల్డ్ నార్మన్ అని శాన్‌డియేగోలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆచార్యుడొకాయన 1981లో డేటామేషన్ పత్రికలో లినక్స్‌కు మూలపురుషుడైన యూనిక్స్ మీద దుమ్మెత్తిపోశాడు. ఫైలులో ఏముందో చూపించమనడానికి 'క్యాట్' అనాలట. ఆజ్ఞ పేరుకూ అది చేసే పనికీ పొంతన లేదట. పనయిందో లేదో యంత్రం నోరు విప్పి చెప్పదట. అక్కడితో ఊరుకోక 1988లో ఏకంగా పుస్తకమే రాశాడు. తలుపును తోయాలో లాగాలో తెలియక మనిషి తడబడితే తప్పు మనిషిది కాదు, ఆ తలుపు చేసినవాడిది అన్నాడు. అలాంటి తలుపులకు అమెరికాలో ఆయన పేరే పెట్టేశారు. 1993లో ఆపిల్ పిలిచి కొలువిచ్చింది. ఇంత గౌరవం పొందిన సిద్ధాంతాన్ని మీరు రెండు పదాలతో కొట్టిపారేశారు: "మాన్యువల్ చదువుకోవచ్చుగా?" తలుపు తీయలేనివాడికి లోపలికొచ్చే యోగ్యత లేదు, అంతే. నలభై ఏళ్ళ పరిశోధన అక్కడ ఆగిపోవాల్సిందే.

మూడోది మీ దయ. మీరు చూపించిన దయను కళ్ళారా చూసిన సాక్షిని నేను, కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఫ్రిస్కోలో మా మిత్రుడి ఇంట్లో ఒక శనివారం సాయంత్రం. మిత్రుడి పిన్నిగారు ఆరు నెలల విజిటర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడకు లలితా సహస్రనామం పెద్దక్షరాల్లో కావాలి. తెచ్చుకున్న పుస్తకంలో అక్షరం చిన్నది, కళ్ళకు ఆనడం లేదు. అక్కగారబ్బాయి గుంటూరులో డీటీపీ షాపులో కొట్టించి ఈమెయిల్లో పంపాడు. షాపువాడు అలవాటు కొద్దీ అను ఫాంట్లలో కొట్టాడు. ఇక్కడ తెరిస్తే తెలుగు లేదు. నెత్తిన రెండేసి చుక్కలున్న యూరోపు అక్షరాలు, మధ్యలో డాలర్ గుర్తులు, అక్కడక్కడ శాతం గుర్తులు.

"బాబూ, ఇది కాస్త తెలుగులోకి వచ్చేట్టు చేసి, పెద్దక్షరాల్లో ప్రింటు తీసిపెడతారా? శుక్రవారం పూజకు కావాలి" అన్నారావిడ, ముగ్గురు దేవతలూ ఒకే సోఫాలో కూర్చుని ఉండగా.

"ఆంటీ, ఇది యూనికోడ్ కాదు" అన్నారు విండోస్ వారు. "విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతోనే వచ్చింది, గౌతమి ఫాంటుతో సహా. ఇన్నేళ్ళయినా అను పట్టుకుని వేలాడ్డం ఆ షాపువాడి తప్పు."

"గౌతమా! దాని ఒత్తులు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా?" అన్నారు మాక్ వారు. "మాక్‌లో లయన్ నుంచీ ఉన్న తెలుగు ఫాంట్లు చూడండి, ముత్యాలు."

"లయన్ 2011. పదేళ్ళు ఆలస్యంగా వచ్చిన ముత్యాలు."

"ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి" అన్నారు లినక్స్ వారు. "ఆంటీ, మీకు తెలుసా, ప్రపంచంలో అన్నిటికన్నా వేగమైన 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి."

"మంచిది నాయనా. వాటికి ప్రింటరు ఉందా?" అన్నారు పిన్నిగారు.

ఆ మాటతో వాదం ప్రింటర్ల మీదికి మళ్ళింది. అక్కడ మీ పాండిత్యం చూసి ముక్కున వేలేసుకున్నాను. 2021 వేసవిలో విండోస్ ప్రింటింగ్ వ్యవస్థలో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద చిల్లు బయటపడిందనీ, దాన్ని పూడ్చే అప్‌డేట్‌తో కొన్ని ప్రింటర్లు మూగబోయాయనీ మాక్ వారు నెలతో సహా చెప్పారు. మాక్‌లో ప్రింటింగ్ వెన్నలా సాగుతుందన్నారు. లినక్స్‌లో అంతకన్నా మెత్తగా సాగుతుందని లినక్స్ వారు తగులుకున్నారు. ఆ ఇద్దరి ప్రింటింగ్ వ్యవస్థా ఒకటే. కప్స్ అని మైకేల్ స్వీట్ రాసినది. ఆపిల్ 2002లో దాన్ని మాక్‌లోకి తెచ్చుకుంది, 2007లో కోడ్ కొనేసి, ఆయన్ని కొలువులోనూ పెట్టుకుంది. ఒకే ఇంజను పెట్టుకున్న రెండు యంత్రాల్లో ఏది గొప్పదో పావుగంటసేపు వాదించడానికి ఎంత నిగ్రహం కావాలి! మీ ఇద్దరిలో ఒక్కరు ఆ విషయం ఎత్తినా వాదం చచ్చి ఊరుకునేది. ఎత్తలేదు.

అసలు మీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పురాణమంతా ఒక ప్రింటరు దగ్గరే మొదలైంది కదా. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ లేజర్ ప్రింటరు వచ్చింది. కాయితం ఇరుక్కున్నప్పుడల్లా ఎక్కడో వేరే అంతస్తులో కూర్చున్నవాళ్ళకు కబురందేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటరుకు కోడ్ రాసిపెట్టుకున్నాడు. కొత్తదానికీ రాద్దామంటే దాని కోడ్ ఇవ్వలేదు. ఆ మంట చల్లారక 1983లో గ్నూ అనే స్వేచ్ఛా ఓఎస్‌ను ప్రకటించాడు. అందులోంచి లైసెన్సులు, ఉద్యమాలు, డిస్ట్రోలు, లక్షల కోట్ల వ్యాపారం పుట్టుకొచ్చాయి. కాయితం మాత్రం ఇప్పటికీ ఇరుక్కుంటూనే ఉంది. మీరు మూలాన్ని మరిచిపోయారని ఎవరూ అనలేరు. దాన్ని అలాగే ఉంచారు.

వాదం లినక్స్‌లోని సిస్టమ్‌డీ మంచిదా చెడ్డదా అన్న దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదయింది. పిన్నిగారు తన పుస్తకం, మనవరాలి భూతద్దం ముందు పెట్టుకుని, ఆ పిల్ల స్కూలు నోటుబుక్కులో నల్ల స్కెచ్ పెన్నుతో, వేలెడేసి అక్షరాలతో తొంభై శ్లోకాల దాకా రాసేసుకున్నారు. అప్పుడు మీలో ఒకరు వంగి చూసి, "ఆంటీ, ఇలా రాస్తే బ్యాకప్ ఉండదు" అన్నారు. అదీ దయంటే.

నాలుగోది మీ భాషాసేవ. దీన్ని చెప్పకపోతే పాపం వస్తుంది. 1990ల తొలిరోజుల్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పని చేశారు. ఉన్న ఇంగ్లీషు మీటలతోనే కొడితే తెలుగు లిపిలో అచ్చయ్యే పద్ధతి తయారుచేశారు. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. కొత్త కీబోర్డు కొనక్కర్లేదు, కొత్త మీటల వరస నేర్వక్కర్లేదు. అమెరికాలో, ఆ తర్వాత అంతటా, తెలుగువాళ్ళు కంప్యూటర్‌లో తెలుగు రాయడానికి అది రాజబాట అయింది. ఇవాళ ఫోన్లో 'అమ్మా బాగున్నావా' అని ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకుంటున్న ప్రతివాడూ ఆ దారిలో నడుస్తున్నవాడే. ఇలాంటి చిన్నా చితకా పనుల వెంట మీరు పోలేదు. తెలుగుకు ఏ ఓఎస్ ఎక్కువ మేలు చేసిందన్న మౌలిక ప్రశ్న మీద నిలబడ్డారు. దాన్ని ఏళ్ళ తరబడి, చక్కని ఇంగ్లీషులో చర్చించారు.

2018 ఫిబ్రవరిలో తెలుగుకు ప్రపంచఖ్యాతి వచ్చినప్పుడు కూడా మీరు తొణకలేదు. 'జ్ఞా' అన్న అక్షరాన్ని ఒక తీరుగా కూర్చి పంపితే ఐఫోన్లో మెసేజీల యాప్ కుప్పకూలేది. తెరిస్తే మళ్ళీ కూలేది. ఆకతాయిలు దాన్ని సరదాకి నలుగురికీ పంపడం మొదలుపెట్టారు. న్యూయార్కు, లండను పత్రికలు తెలుగు అనే భాష ఉందని, దానికో లిపి ఉందని పాఠకులకు పరిచయం చేశాయి. తానా, ఆటా సభలన్నీ కలిసి తీర్మానాలు చేసినా రాని ప్రచారం అది. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే తెలుగు అందులో ఉంది. ఇరవయ్యారేళ్ళు దాటాక, ప్రపంచంలోకెల్లా ఖరీదైన కంపెనీ ఫోను జ్ఞానంలో మొదటి అక్షరాన్ని మోయలేక చతికిలపడింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చి కాపాడింది. మాక్ వారు ఆ వారమంతా ఒకటే మాట అన్నారు: "ఆ అక్షరం ఎవరు వాడతారండీ?" ఎనిమిది కోట్లమంది అన్న జవాబు ఎవరి నోటా రాలేదు. విండోస్ వారు, లినక్స్ వారు నవ్వడంలో తీరిక లేకుండా ఉన్నారు.

అయిదోది మీ ప్రభుభక్తి. జీతం లేదు, బోనస్ లేదు, పండక్కి పంచె కూడా లేదు. అయినా కంపెనీ పరువు మీ భుజాల మీద. ఇంతటి నిష్కామకర్మ నేను డాలస్‌లో తెలుగు సినిమా ప్రీమియర్ రాత్రి మాత్రమే చూశాను. మా హీరో గొప్ప అంటే మా హీరో అని థియేటర్ పార్కింగులో గొంతులు చించుకుంటున్న ఆ సమయానికి, హైదరాబాదులో హీరోలిద్దరూ ఒకరి కొడుకు పుట్టినరోజుకు ఒకరు కేకు కోస్తూ ఉంటారు. మీ హీరోలూ అంతే. 1997 ఆగస్టు 6న బోస్టన్‌లో మాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్ వేదిక మీద నిలబడగా, వెనకాల పెద్ద తెర మీద బిల్ గేట్స్ ప్రత్యక్షమయ్యారు. ఆపిల్‌లో మైక్రోసాఫ్ట్ 15 కోట్ల డాలర్లు పెడుతోందన్నారు. అంతకుముందు ఆపిల్ తన తెర రూపాన్ని కాపీ కొట్టారని 1988లో మైక్రోసాఫ్ట్ మీద దావా వేసి, ఏళ్ళపాటు నడిపి, ఓడిపోయింది. ప్రభువులు రాజీపడ్డారు. హాల్లో ఉన్న భక్తులు మాత్రం తమ కంపెనీని బతికిస్తున్న మనిషిని చూసి వెక్కిరింతగా అరిచారు. వారి పౌరుషం ముందు ప్రభువుల పౌరుషం ఏపాటి?

లినక్స్ వారికీ ఇలాంటి గడ్డుకాలమే వచ్చింది. 2001లో మైక్రోసాఫ్ట్ సీఈవో స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. బంగారం లాంటి శత్రువు. పదమూడేళ్ళు హాయిగా గడిచిపోయాయి. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ ఆ కుర్చీలో కూర్చున్నారు. అదే అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో తెర మీద హృదయం బొమ్మ పెట్టి, మాకు లినక్స్ అంటే ప్రేమ అన్నారు. 2016లో విండోస్ లోపలే లినక్స్ ఆజ్ఞలు నడిచే ఏర్పాటు ప్రకటించారు. శత్రువు వచ్చి కౌగిలించుకుంటే ఏం చేయాలో మీ శాస్త్రాల్లో లేదు. అయినా మీరు చెక్కుచెదరలేదు. ఆఫీసులో విండోస్‌ కడుపులో లినక్స్ నడుపుకుంటూ, ఇంటికొచ్చి విండోస్‌ను తిట్టే విద్య అభ్యసించారు.

ఈ విషయంలో మీ గురుపరంపరా గొప్పదే. 1992 జనవరిలో మినిక్స్ అనే ఓఎస్ సృష్టికర్త ఆండ్రూ టానెన్‌బామ్ లినక్స్ కాలం చెల్లిన కట్టడమన్నాడు. లినక్స్ రాసిన ఇరవై రెండేళ్ళ లినస్ టోర్వాల్డ్స్ ఊరుకోలేదు. నువ్వు నా శిష్యుడివై ఉంటే ఈ డిజైనుకు మంచి మార్కులు పడేవి కావన్నాడు గురువు. మీ మినిక్స్‌లో లోపాలు చూసుకోండన్నాడు కుర్రాడు. తర్వాత ఏమైంది? లినక్స్ ఆండ్రాయిడ్ రూపంలో కోట్లాది జేబుల్లో చేరింది. మినిక్స్ ఇంటెల్ చిప్పుల అడుగున నిర్వహణ పనికి దాగి ఉందని 2017లో బయటపడింది. తన సరుకు అలా వాడుతున్నట్టు టానెన్‌బామ్‌కే అప్పటిదాకా తెలియదు. లినక్స్ పెట్టుకున్న అలాంటి ల్యాప్‌టాప్‌లో కిందింటి కాపురం మినిక్స్‌ది, పైఅంతస్తు లినక్స్‌ది. అద్దె తగాదా లేదు, గోడ తగాదా లేదు. ఆ వాదంలో ఎవరు గెలిచారన్నది మాత్రం మీరు ఇవాళ్టికీ తేల్చలేదు. తేలిపోతే ఎలా?

ఆరోది, ఆఖరిది, మీ స్థితప్రజ్ఞత. 2024 జులై 19న ఆస్టిన్‌లోని భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక తప్పుడు ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. విమానాశ్రయాల్లో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. డెల్టా ఒక్కటే కొద్దిరోజుల్లో వేలాది విమానాలు రద్దుచేసింది. చంటిపిల్లలతో జనం నేల మీద పడుకున్నారు. ఆ నేల మీదే, తమ విమానమూ రద్దయి, మాక్ వారు చిరునవ్వుతో కూర్చున్నారు. "చూశారా, నా ల్యాప్‌టాప్ నిక్షేపంగా ఉంది" అన్నారు. ల్యాప్‌టాప్ నిజంగానే నిక్షేపంగా ఉంది, మనిషే ఇల్లు చేరలేదు. విండోస్ వారు అది విండోస్ తప్పు కాదని చెప్పడానికి కెర్నల్ డ్రైవరంటే ఏమిటో ముందున్న పెద్దాయనకు వివరించారు. లినక్స్ వారు, ఆ తెరలన్నీ లినక్స్ అయి ఉంటే ఈపాటికి అందరినీ ఇళ్ళ దగ్గర దింపేసేవారు కదా అని నిట్టూర్చారు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపింది. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు, లోపల టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు లాంటివి లేనందుకు, 11 ఎక్కడానికి పనికిరాకుండా పోయాయి. ఇంటి లెక్కలు చూసుకునే పెద్దవాళ్ళు, చర్చి గుమాస్తాలు, చిన్న దుకాణాల వాళ్ళు, ఇప్పుడేం చేయాలని అడిగారు. కొత్తది కొనుక్కోమన్నారు విండోస్ వారు. ఎలాగూ కొనాలి కనుక మాక్ కొనుక్కోమన్నారు మాక్ వారు. కొననక్కర్లేదు, లినక్స్ వేసుకోండన్నారు లినక్స్ వారు. ఇది వినగానే అడిగినవాళ్ళ మొహాలు వికసించాయి. ఏ లినక్స్ అని అడిగారు. ఆ ప్రశ్నకు లినక్స్ వారు తమలో తాము వెతుక్కుంటున్న జవాబు ఇంకా వస్తూనే ఉంది.

ఇన్ని గుణాలు ఒక్కచోట పోగుపడడం అరుదు. వాడకంలో సుళువు గురించి ఇంత మాట్లాడుతూ, వాడే మనిషిని మాటల్లోకి రానివ్వకుండా కాపాడడం ఇంకా అరుదు. రానిస్తే వాదం చెడిపోతుందని మీకు తెలుసు. వాడే మనిషికి ఓఎస్‌తో పనిలేదు. మనవడి ఫొటోతో, కరెంటు బిల్లుతో, శుక్రవారం పూజతో పని. అలాంటి మనిషి చేతికి తీర్పు ఇస్తే మీ ముగ్గురి శాస్త్రాలూ ఒక్కసారే ఓడిపోవచ్చు.

ఇక ఫలశ్రుతి.

ఈ స్తోత్రాన్ని శనివారం సాయంత్రం, ఫోన్ ఛార్జింగులో పెట్టి, శుచిగా చదివినవారికి ఏ సెట్టింగు సెట్టింగ్స్‌లో ఉంటుందో, ఏది కంట్రోల్ ప్యానెల్‌లో ఉంటుందో స్వప్నంలో తెలుస్తుంది. మండలం రోజులు చదివినవారికి విమ్ నుంచి విముక్తి కలుగుతుంది. భక్తితో విన్నవారి అప్‌డేట్లు మీటింగు అయిపోయాకే మొదలవుతాయి. నెట్‌వర్కులో ఉండి కూడా ఆఫ్‌లైన్ అని చూపించే ప్రింటరు ముందు నిలబడి మూడుసార్లు చదివితే, ప్రింటరు మారకపోయినా దాని మీద కోపం పోతుంది. ముగ్గురు దేవతలనూ ఒకే సోఫాలో కూర్చోబెట్టి చదివించినవారికి ఆ రాత్రంతా వేరే కాలక్షేపం అక్కర్లేదు.

ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. ఎవరైనా పెద్దావిడ కంప్యూటర్ పట్టుకుని దగ్గరికొస్తే, "మీకు ఏం పని కావాలమ్మా?" అని పొరపాటున కూడా అడక్కండి. అడిగితే ఆవిడ చెబుతుంది. చెబితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. అయిపోయాక, భోజనాలు వడ్డించేదాకా మీ ముగ్గురూ ఏం మాట్లాడుకుంటారు?